డంగుసున్నం గోడల దేవిడీలో కలంకారీ తెరలు ఊగకుండా వేలాడదీయడం ఎలా?

హైదరాబాద్ పాతబస్తీలోని ఓ దేవిడీలో, అంటే పాతకాలపు పెద్ద భవంతిలో, 10 రోజుల ప్రదర్శన. శ్రీకాళహస్తి కలంకారీ తెరలు 8. ఒక్కోటి 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, పైనా కిందా టేకు బద్దలతో కలిపి కిలోన్నర. గోడలకు గానీ దూలాలకు గానీ మేకు కొట్టకూడదు, అది సబబే.

అంటించే హుక్కులు రెండు గంటల్లో వెల్లపొరతో సహా ఊడొచ్చాయి. దూలానికీ పైవాసాలకీ మధ్య సందులోంచి నైలాన్ తాళ్లు దూర్చి కట్టాం. ఫ్యాను వేస్తే తెర ఉబ్బి, కింది బద్ద గోడను గీరుతోంది. ఫ్యాను ఆపితే జనం నిలవరు! కింది బద్దకు అరకిలో ఇనుప కడ్డీ చేరిస్తే ఊపు తగ్గింది గానీ, బట్ట సాగి అంచులు ముడతలు పడుతున్నాయి. ఇనుప స్టాండ్లేమో ఎగుడుదిగుడు షాబాదు బండల మీద నిలవడం లేదు.

బరువు పెంచకుండా, గోడను తాకకుండా కింది బద్దను కదలకుండా ఆపేదెలా?