డబ్బా కూరగాయలు దండగేనా?

నైట్‌షిఫ్ట్:
వారంలో ఐదు రోజులు ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. కడిగి తరిగే ఓపిక ఉండదు. అందుకే బీన్స్, బఠాణీ, క్యారెట్ టిన్నులు తెచ్చి పెట్టుకుంటున్నా. మా అక్క చూసి "అందులో పీచు తప్ప ఏముంటుందిరా" అంది. నిజంగానే తాజావాటి ముందు అవి దండగేనా?

మొక్కలపిచ్చి:
మీ అక్కగారు చెప్పిందే కరెక్ట్. బఠాణీ, బీన్స్ లాంటి పులుపు లేనివాటిని డబ్బాలో సీల్ చేసి, ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల దాకా వేడి చేస్తారు. బొట్యులిజం (ప్రాణం తీయగల విషాహార జబ్బు) తెచ్చే బ్యాక్టీరియా బీజాలు మామూలుగా మరిగే నీళ్లకు చావవు కాబట్టి ఆ మాత్రం వేడి తప్పదు. ఆ దెబ్బకి సి విటమిన్ ఎంత మిగులుతుంది? థయమిన్‌దీ, అంటే బి1 విటమిన్‌దీ, అదే గతి. పైగా ఉప్పు. నేను పెరట్లో కోసి పది నిమిషాల్లో తింటాను. ఆ రుచి మరిగాక డబ్బా ముట్టబుద్ధి కాదు.

నిదానం:
మొక్కలపిచ్చి గారూ, మీ పది నిమిషాలు ఎంతమందికి దక్కుతాయి చెప్పండి? కొనుక్కునేవాళ్లకి అది ఎప్పుడు కోశారో కూడా తెలీదు. కోసిన తర్వాత కూడా ఆకు ఊపిరి తీస్తూనే ఉంటుంది, సి విటమిన్ తరుగుతూనే ఉంటుంది. పాలకూరలో, బీన్స్‌లో అయితే ఫ్రిజ్‌లో ఉంచినా వారం తిరిగేసరికి సగానికి పైగా పోవచ్చు. మొన్న మా ఫ్రిజ్ కింది అర లాగితే ఒక పాలకూర కట్ట బయటపడింది. కవరుకి అతుక్కుపోయి, సగం ఆకులు పసుపు రంగుకు తిరిగి, మిగతావి నల్లగా జారిపోతూ. అదీ "తాజా" అని తెచ్చిందే!

సరే, బాగున్నదే వండారనుకుందాం. పొయ్యి మీద ఇంకొంత పోతుంది కదా? డబ్బాలోది ఒకసారి ఉడికాక లోపల గాలి ఉండదు, నెలలు గడిచినా పెద్దగా తరగదు. పచ్చిదాన్ని ఉడికినదానితో తూస్తే ఎలా? రెండూ కంచంలోకి వచ్చాక తూయాలి.

ఇక టమాటా సంగతి. 2002లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు టమాటాల్ని 88 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేసి చూశారు. సి విటమిన్ 29 శాతం తగ్గింది. టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్ మాత్రం పచ్చిదానికి రెండున్నర రెట్లు దాటింది. కొత్తగా ఎక్కణ్ణుంచో పుట్టలేదు, వేడికి కణాల గోడలు విడిపోయి లోపల ఇరుక్కున్నది బయటపడింది, అంతే. ఒంట్లో ఎ విటమిన్‌గా మారే, క్యారెట్‌లోని బీటా కెరోటిన్ నీళ్లలో కరగదు కనక అది కూడా చాలావరకు నిలుస్తుంది.

మొక్కలపిచ్చి:
టమాటా, క్యారెట్ ఒప్పుకున్నా. కానీ ఉప్పు మాట తెలివిగా దాటేశారు.

లేబుల్‌రాజు:
ఉప్పు గురించి నేను చెప్తా. పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే సోడియం 2000 మిల్లీగ్రాములు. టిన్ను నీళ్లు వంపేసి, గింజల్ని కుళాయి కింద కడిగితే సోడియం మూడో వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తగ్గుతుంది. తిరకాసు ఏంటంటే, ఆ నీళ్లతో పొటాషియం, బి విటమిన్లు కూడా పోతాయి. ఈసారి పారబోసే ముందు గాజు గ్లాసులో పోసి చూడండి, పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటాయి. కూరగాయలోంచి దిగిన సరుకే అది. అందుకే ఉప్పు కలపని టిన్ను తెచ్చుకుని, ఆ నీళ్లు కూరలోనో సూప్‌లోనో పోసేస్తా.

ఇంకోటి, ఉబ్బిన టిన్ను కనిపిస్తే రుచి కూడా చూడకండి, పారేయండి.

నైట్‌షిఫ్ట్:
ఇన్నాళ్లూ ఆ నీళ్లన్నీ సింక్ తాగింది! ఇప్పుడే లేబుల్ చూశా. సోడియం తక్కువే అనుకున్నా గానీ, ఆ అంకె ఒక్క సర్వింగ్‌కట. టిన్నులో రెండున్నర సర్వింగులు ఉన్నాయట. నేనేమో ఒక్కణ్ణే మొత్తం లాగించేస్తున్నా.

మొక్కలపిచ్చి:
చూశారా! ఇంతకీ ఫ్రోజెన్ బఠాణీ ఎవరికీ గుర్తు రాలేదేం? కోసిన కాసేపటికే వేడినీళ్లలో ముంచి తీసి గడ్డ కట్టిస్తారు, ఉప్పు అక్కర్లేదు. పెరడు లేనివాళ్లకి నా ఓటు దానికే.