ఒకేసారి సెటిల్‌మెంటా, నెలనెలా భరణమా?

చామంతి:
అందరికీ నమస్కారం. మా చెల్లి, మరిది పరస్పర అంగీకారంతో విడిపోవాలని నిర్ణయించుకున్నారు. ఏడాదిన్నర దాటింది, విడిగానే ఉంటున్నారు. గొడవపడే దశ దాటిపోయింది, మిగిలింది డబ్బు లెక్కే. పాప పుట్టాక చెల్లి ఉద్యోగం మానేసింది. పాపకిప్పుడు ఐదేళ్లు. ఆయనది నెల జీతం. ఇల్లు, హోమ్ లోన్ రెండూ ఇద్దరి పేరు మీదే ఉన్నాయి. వాళ్లు ఒకేసారి కొంత మొత్తం ఇచ్చేస్తామంటున్నారు. కానీ అగ్రిమెంట్ డ్రాఫ్టులో "ఇకపై నా కోసం గానీ పాప కోసం గానీ ఎలాంటి భరణం కోరను" అని ఒక వాక్యం పెట్టారు. నాన్నేమో సంతకం పెట్టి బయటపడమంటున్నారు. అమ్మ నెలనెలా తీసుకోవడమే నయమంటోంది. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

తూర్పుగాలి:
ఒకేసారి తీసుకోమనండి. నాకు కోర్టు నెలనెలా మనోవర్తి ఇప్పించింది. మొదట్లో టైముకే వచ్చేది. తర్వాత ఆలస్యంగా, ఆ తర్వాత నెల విడిచి నెల, చివరికి పూర్తిగా ఆగిపోయింది. ఇవ్వకపోతే జైలుకు పంపొచ్చని చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ అందుకు మళ్లీ మనమే పిటిషన్ వేయాలి, మళ్లీ నోటీసులు, మళ్లీ వాయిదాలు. పైగా పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 125 కింద గానీ, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 144 కింద గానీ బాకీకి వారెంట్ కావాలంటే, ఆ డబ్బు రావాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపే అడగాలి. వచ్చే నెల ఇస్తాడేమోలే అని నేను ఊరుకున్న నెలలన్నీ అలా చేజారిపోయాయి. విడాకులయ్యాక కూడా ప్రతి నెలా ఆయన మూడ్ ఎలా ఉందో చూసుకుంటూ బతకాల్సి వస్తే, ఇక విడిపోయి ఏం లాభం?

ఇద్దరిపిల్లల_నాన్న:
తూర్పుగాలి గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ అందరినీ ఒకే గాటన కట్టకండి. నేను నెలనెలా కడుతున్నాను, ఒక్కసారి కూడా తప్పలేదు. అప్పట్లో ఏకమొత్తం అడిగి ఉంటే మా అమ్మానాన్నలు ఉంటున్న ఇల్లు అమ్మాల్సి వచ్చేది. జీతం మీద బతికేవాడు పదిహేనేళ్ల డబ్బు ఇవాళ ఎక్కణ్నుంచి తెస్తాడు? ఇంకో సంగతి. పరిస్థితులు మారితే నెలవారీ భరణాన్ని మార్చమని కోర్టును అడిగే వీలు హిందూ వివాహ చట్టం సెక్షన్ 25లోనే ఉంది. రేపు ఆయన జీతం రెండింతలైతే మీ చెల్లెలు పెంచమని అడగొచ్చు. ఒకేసారి తీసుకుని రాసిచ్చేస్తే ఆ తలుపు దాదాపు మూసుకుపోయినట్టే. చేతిలో పెద్ద మొత్తం ఉందని తెలిస్తే అప్పులడిగే బంధువులు ఎంతమంది వస్తారో కూడా ఆలోచించండి.

తూర్పుగాలి:
బంధువుల మాట ఒప్పుకుంటాను. కానీ మార్చమని అడగడమంటే పెంచమని అడగడమొకటే కాదు కదండీ. ఉద్యోగం పోయిందనో, అప్పులున్నాయనో చూపించి తగ్గించమనీ అడగొచ్చు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే అదే సెక్షన్ కింద పూర్తిగా ఆపించొచ్చు కూడా.

కోర్టుమెట్లు:
చాలా ఏళ్లుగా ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. మీ ఇద్దరి వాదనల్లోనూ నిజం ఉంది, కానీ ఇద్దరూ పాపను మర్చిపోయారు. చామంతి గారూ, ఆ వాక్యంలో మీ చెల్లిని, పాపను కలిపి రాశారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. తన భరణం గురించి మీ చెల్లి ఎలాంటి ఒప్పందమైనా చేసుకోవచ్చు. పాప హక్కును వదులుకునే అధికారం ఆమెకు లేదు. పిల్లల పోషణ, చదువు, కస్టడీ గురించి హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద డిక్రీ (విడాకుల తీర్పు) తర్వాత కూడా కోర్టు ఉత్తర్వులివ్వొచ్చు. అయినా రేపు పాప కాలేజీ ఫీజు అడిగినప్పుడు అవతలి లాయరు ముందుగా చూపించేది ఆ కాగితమే. ఆ వాక్యం కొట్టేయించకుండా సంతకం పెట్టనివ్వకండి.

నన్నడిగితే చెల్లికి ఒకేసారి, పాపకు నెలనెలా. పాప సంగతి విడి పేరాగా ఉండాలి: "ప్రతి నెలా 5వ తేదీలోగా తల్లి ఖాతాకు ఇంత మొత్తం, ఏటా జూన్‌లో ఇంత శాతం పెంపు, స్కూలు ఫీజు, ఆరోగ్య బీమా ప్రీమియం తండ్రే నేరుగా చెల్లించాలి." ఆ "ఇంత" ఉన్నచోట అంకెలు పడాలి. "అవసరాన్ని బట్టి పెంచుతారు" అని రాస్తే ఏమీ రాయనట్టే. నెలవారీ భరణం ఎగవేస్తారని భయముంటే, ఆ చెల్లింపుకు ఆయన స్థిరాస్తిని హామీగా పెట్టించే వీలు సెక్షన్ 25లోనే ఉంది. పాప భరణానికి కూడా అలాంటి హామీ షరతు అగ్రిమెంట్‌లో రాయించండి. దీన్ని అడిగేవాళ్లే తక్కువ.

మొత్తం ఎంతన్నది తేల్చుకునే ముందు ఆయన ఆదాయమెంతో కాగితాల మీద చూడండి. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని 2020లో రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాజీ మీద విడిపోయేటప్పుడు మొహమాటపడి దీన్ని వదిలేస్తుంటారు. జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు, పీఎఫ్ వివరాలు అడగడంలో తప్పేమీ లేదు. నికర జీతంలో 25 శాతం అని చాలామంది చెప్పే లెక్క 2017 నాటి ఒక తీర్పులోది. అది అన్ని కేసులకూ వర్తించే ఫార్ములా కాదు.

ఇక ఇంటి లోన్. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. "ఈఎంఐలు నేనే కడతాను" అని ఆయన అగ్రిమెంట్‌లో రాసినా, డిక్రీలో ఉన్నా, బ్యాంకుకు దానితో సంబంధం లేదు. ఆయన కట్టకపోతే బ్యాంకు మీ చెల్లికే ఫోన్ చేస్తుంది, ఆమె సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. లోన్ ఆయనొక్కడి పేరుకు మారి, ఆమెను తప్పించినట్టు బ్యాంకు లెటర్ ఇచ్చాకే తన వాటా రిజిస్టర్ చేసివ్వమనండి.

ఇద్దరిపిల్లల_నాన్న:
లాయర్ గారూ, పాపకు నెలనెలా అన్నారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఫీజు కట్టేది తండ్రి, స్కూలు ఎంచుకునేది తల్లి అంటే ఎలా? డబ్బు ఠంచనుగా పంపుతున్నా పిల్లల్ని నెలల తరబడి చూడనివ్వకపోతే ఆ తండ్రి ఎక్కడ మొత్తుకోవాలి? ఆ బాధ నేను పడ్డాను. పాపను చూపిస్తేనే డబ్బు అని రాసుకోవచ్చా?

కోర్టుమెట్లు:
అలా రాయకండి. చూడనివ్వలేదని డబ్బు ఆపడం, డబ్బు రాలేదని చూడనివ్వకపోవడం రెండూ తప్పే. రెండు సందర్భాల్లోనూ నష్టపోయేది పాపే. చూసే హక్కును విడిగా, ఇంతే వివరంగా రాయించండి: ఏ వారాంతం, ఎన్ని గంటలకు, ఎక్కడ అప్పగించాలి, వేసవి సెలవుల్లో ఎన్ని రోజులు, వీడియో కాల్ ఎప్పుడు. స్కూలు మార్చాలంటే ఇద్దరి అంగీకారం కావాలని ఒక షరతు పెట్టుకోవచ్చు. మీ విషయంలోనైతే ఇప్పటికీ ఆలస్యం కాలేదు, సెక్షన్ 26 కింద పిటిషన్ వేయండి.

చామంతి:
చాలా థ్యాంక్స్ అండీ. ఆ వాక్యం తీసేయమని నిన్ననే వాళ్లకు చెప్పాం. ఇంకో సందేహం. విడాకుల పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును వాళ్లు రద్దు చేయించుకుని త్వరగా ముగిద్దామంటున్నారు, డబ్బేమో డిక్రీ వచ్చాక ఇస్తారట. ఇది సరైనదేనా?

కోర్టుమెట్లు:
ఆ గడువు తప్పనిసరి కాదని 2017లో అమర్‌దీప్ సింగ్ వర్సెస్ హర్వీన్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, భరణం, కస్టడీ నిజంగా తేలిపోయి, రాజీకి ఆశ లేకపోతే కోర్టు మాఫీ చేయొచ్చు. మీవాళ్లు అడగొచ్చు. కానీ డబ్బు డిక్రీ తర్వాత అంటే నేను ఒప్పుకోను. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు కాబట్టి, మొత్తం ముందే ఇవ్వడానికి ఆయనకూ భయముంటుంది. అందుకే కొంత మొదటి మోషన్ (పిటిషన్ వేశాక ఇద్దరూ కోర్టులో చెప్పే మొదటి అంగీకారం) రోజు, మిగతాది రెండో మోషన్ (గడువు తర్వాత చెప్పే తుది అంగీకారం) రోజు జడ్జి ముందే డీడీగా ఇవ్వాలని రాయించండి. చెక్కు వద్దు. డీడీ నంబరు కోర్టు రికార్డులోకి ఎక్కించండి. నేనైతే బ్యాంకు లెటర్ చేతికొచ్చేదాకా గడువు మాఫీకి తొందరపడను.

తూర్పుగాలి:
ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను సార్. ఆరు నెలలు ఆగితే అవతలివాళ్లు మనసు మార్చుకోరన్న గ్యారంటీ ఏంటి? లోన్ పని ఇప్పుడే మొదలుపెట్టి, లెటర్ చేతికి రాగానే పిటిషన్, మాఫీ దరఖాస్తు ఒకదాని వెంట ఒకటి వేయమనండి.

కోర్టుమెట్లు:
లోన్ మార్పిడికి బ్యాంకు ముందుగా ఒప్పుకుంటే అదీ మంచి దారే. చామంతి గారూ, సోమవారం బ్యాంకుకు వెళ్లి, ఆయనొక్కడి జీతం మీద ఆ లోన్ కొనసాగిస్తారో లేదో కనుక్కోండి. దాని సమాధానాన్ని బట్టి మిగతా తేదీలు వేసుకోవచ్చు.