అమ్మకు సి-డిఫ్ (పెద్దపేగులో వచ్చే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్) అన్నారు, ఇంజెక్షన్ మందు తాగించమన్నారు. ఎవరైనా వాడారా?

తెనాలి_అబ్బాయి:
అమ్మకు 68 ఏళ్లు. పంటి ఇన్ఫెక్షన్‌కి వారం రోజులు క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ వాడింది. అది ఆపేసిన నాలుగో రోజు నుంచి నీళ్ల విరేచనాలు, రోజుకి పది పన్నెండు సార్లు. కడుపులో మెలిపెట్టే నొప్పి, జ్వరం. మల పరీక్షలో సి-డిఫ్ టాక్సిన్ (ఆ బ్యాక్టీరియా వదిలే విషం) పాజిటివ్. వాంకోమైసిన్ 125 మి.గ్రా. రోజుకి నాలుగుసార్లు, పది రోజులు రాశారు. ఇక్కడ క్యాప్సూల్ దొరకలేదు. ఇంజెక్షన్ సీసా ఇచ్చి, నీళ్లలో కలిపి తాగించమన్నారు. ఇదేం పద్ధతి?

పెద్దకోడలు:
మా మావయ్యగారికీ ఇంతే తమ్ముడూ. 500 సీసాని నర్సు నాలుగు డోసులు చేసి ఇచ్చేది. మహా చేదు! డాక్టరుగారిని అడిగి పళ్లరసంలో కలిపి పట్టాను. నాలుగో రోజుకి మూడు విరేచనాలకు దిగింది.

మందులషాపు:
కంగారొద్దు. తాగిన వాంకోమైసిన్ రక్తంలోకి దాదాపుగా వెళ్లదు, పేగులోనే ఉండిపోతుంది. జబ్బు ఉన్నది పెద్దపేగులోనే కదా, మనకు కావలసిందీ అదే. నరానికి ఎక్కిస్తే అక్కడికి సరిపడా చేరదు. ఎన్ని నీళ్లు కలపాలో, కలిపింది ఎన్నాళ్లు ఉంచొచ్చో మాత్రం కాగితం మీద రాయించుకోండి.

కుర్రకుంక:
విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర ఒకటి వేస్తే ఆగిపోతుందిగా?

మందులషాపు:
బాబూ, డాక్టర్ని అడక్కుండా అది వెయ్యొద్దు. టాక్సిన్ బయటికి పోకుండా లోపలే నిలిస్తే పేగు ఉబ్బి ప్రాణం మీదికి రావచ్చు.

న్యూజెర్సీ_నాని:
నాకు సి-డిఫ్ వస్తే 2016లో మెట్రోనిడజోల్ అనే వేరే యాంటీబయాటిక్ ఇచ్చారు, 500 చొప్పున మూడు పూటలా. పది రోజులూ నోట్లో ఇనుప రుచి. తగ్గింది, మూడు వారాలకి మళ్లీ మొదలు! అప్పుడు వాంకోమైసిన్‌తో కుదిరింది. ఇక్కడ 2021 నుంచి మార్గదర్శకాల్లో ఫిడాక్సోమైసిన్ అనే మందుదే మొదటి స్థానం. మళ్లీ తిరగబెట్టడం తక్కువట, ధర వింటే మాత్రం కళ్లు తిరుగుతాయి.
ఇంకోటి, శానిటైజర్‌ని నమ్ముకోకండి. ఈ బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పొర కప్పుకున్న రూపం) దానికి చావవు. సబ్బు, నీళ్లతో రుద్ది కడుక్కోవాలి. బాత్రూమ్‌కి బ్లీచ్ వాడండి.

తెనాలి_అబ్బాయి:
ఆరో రోజు. ఇవాళ రెండే సార్లు. పెరుగన్నం అడిగి మరీ తిన్నది! కోర్సయ్యాక మళ్లీ మల పరీక్ష చేయించాలా?

పెద్దకోడలు:
తగ్గితే వద్దన్నారు మాకు. బాగయ్యాక కూడా కొన్నాళ్లు పాజిటివ్ రావచ్చట, ఊరికే టెన్షన్. విరేచనాలు మళ్లీ మొదలైతేనే రమ్మన్నారు. ఈసారి పంటి డాక్టరు దగ్గరికెళ్తే యాంటీబయాటిక్ వాడాక ఇలా సి-డిఫ్ వచ్చిన సంగతి ముందే చెప్పు.