లేజర్ ప్లాస్మా అయాన్లను కొలవడానికి సిలికాన్ కార్బైడ్ ఒక్కటే చాలదా?

బీమ్‌లైన్ విద్యార్థి:
పలచటి రేకు మీద లేజర్ పడితే ప్లాస్మా పుట్టి, అందులోంచి ప్రోటాన్లు, కార్బన్ అయాన్లు దూసుకొస్తాయి కదా. వాటిని కొలవడానికి మా ల్యాబ్‌లో సీఆర్-39 ప్లాస్టిక్ ముక్కలు వాడుతున్నాం, అయాన్ తగిలిన చోట వాటిలో జాడ మిగులుతుంది. ఇక సిలికాన్ కార్బైడ్ అనే సెమీకండక్టర్‌తో చేసిన డిటెక్టర్ కొని ప్లాస్టిక్ మానేద్దామని నేనంటున్నాను. అది కార్బన్‌ను ప్రోటాన్ నుంచి వేరు చేసి చూపలేదంటూ మా సీనియర్ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

మధ్యలో డిటెక్టర్‌గా సిలికాన్ డయోడ్ కూడా పెట్టి చూశాం. షాట్ పడగానే ప్లాస్మా వెలుగుకే ఆసిల్లోస్కోప్‌లో గీత పైకి లేచి అక్కడే ఉండిపోయింది. మీటరు దూరంలో 1 ఎంఈవీ (పది లక్షల ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి) ప్రోటాన్ 72 నానోసెకన్లకు చేరాలి. అప్పటికి ఆ గీత కిందికి దిగనే లేదు. మూడు రోజుల షాట్లు వృథా అయ్యాయి, చాలా బాధేసింది. సిలికాన్ బ్యాండ్‌గ్యాప్ (లోపలి ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి కావాల్సిన కనీస శక్తి) 1.12 ఈవీ, అంటే ఎలక్ట్రాన్‌వోల్టులు, కంటికి కనిపించే వెలుగంతా దాన్ని కదిలిస్తుంది. 4హెచ్ రకం సిలికాన్ కార్బైడ్‌ది 3.26 ఈవీ. సుమారు 380 నానోమీటర్లు దాటిన వెలుగును అది పట్టించుకోదు. అతినీలలోహిత, ఎక్స్ కిరణాల సిగ్నల్ మిగిలినా మంచిదే, అయాన్లు చేరే సమయం లెక్కించే గడియారం అక్కడినుంచే మొదలుపెట్టొచ్చు.

పాత ఆసిల్లోస్కోప్:
వెలుగు సంగతిలో నీ మాట నిజం తమ్ముడూ. ప్రేగ్‌లోని పాల్స్ లేజర్‌నే తీసుకో. అది 1315 నానోమీటర్లది, ఫోటాన్‌కు 0.94 ఈవీ. అంత తక్కువ శక్తి సిలికాన్‌ను కూడా కదపలేదు. డిటెక్టర్ కళ్లు మూసేది అక్కడ లేజర్ కాదు, ప్లాస్మా సొంత వెలుగు.

కానీ టైమ్ ఆఫ్ ఫ్లైట్‌కు, అంటే అయాన్ చేరడానికి పట్టిన సమయాన్ని కొలిచే ఈ పద్ధతికి, తెలిసేది వేగం ఒక్కటే. 12 ఎంఈవీ కార్బన్ కూడా సరిగ్గా ఆ 72 నానోసెకన్లకే వస్తుంది. ఆ సిగ్నల్‌లో ప్రోటాన్ ఎంత, కార్బన్ ఎంత? సీఆర్-39ని వేడి సోడియం హైడ్రాక్సైడ్‌లో గంటల తరబడి ఉంచి మైక్రోస్కోప్ కింద చూడు. ఒక్కో గుంట ఒక్కో అయాన్. వెలుగుతో గానీ విద్యుదయస్కాంత పల్స్‌తో గానీ దానికి పని లేదు.

కణాల లెక్క:
గంటల తరబడి అన్నారు కదా, నా అభ్యంతరం అక్కడే. ప్రేగ్ దగ్గరే ఈఎల్ఐ బీమ్‌లైన్స్ అనే లేజర్ కేంద్రంలో ఎల్3 లేజర్‌ను సెకనుకు 10 షాట్ల కోసం రూపొందించారు. ఆ వేగంలో గంటకు 36,000 షాట్లు. ప్లాస్టిక్ ముక్కలు ఎవరు మారుస్తారు, ఎవరు కడుగుతారు? కార్బన్ సంగతికొస్తే, డిటెక్టర్ ముందు సరైన మందంలో అల్యూమినియం రేకు పెట్టండి. అదే వేగంతో వచ్చే ప్రోటాన్ కంటే కార్బన్ చాలా ముందే ఆగిపోతుంది.

పాత ఆసిల్లోస్కోప్:
రేకు పెడితే తక్కువ శక్తి ప్రోటాన్లు కూడా పోతాయండీ. ఇంకోటి, అయాన్లు ఒకటొకటిగా రావు, గుంపుగా మీద పడతాయి. 1 ఎంఈవీ ప్రోటాన్ ఒక్కటే సిలికాన్ కార్బైడ్‌లో దాదాపు 1.28 లక్షల ఎలక్ట్రాన్-హోల్ జంటలు (సిగ్నల్‌ను ఇచ్చే రుణ, ధన ఛార్జి జంటలు) పుట్టిస్తుంది. గుంపు పెద్దదైతే ఆ ఛార్జి డిటెక్టర్ లోపలి విద్యుత్ క్షేత్రాన్నే నొక్కేస్తుంది. అప్పుడు సిగ్నల్ ఎత్తు చూసి ఎన్ని అయాన్లని ఎలా చెప్తాం?

కణాల లెక్క:
గుంపు పెద్దదైతే మీ గుంటలూ ఒకదానిమీద ఒకటి పడతాయి కదండీ! డిటెక్టర్‌నైనా దూరం జరపొచ్చు.

బీమ్‌లైన్ విద్యార్థి:
దూరం జరిపితే వేగాలు కూడా బాగా విడిపోతాయి, అది నాకు తట్టలేదు. సరే, వచ్చే వారం సిలికాన్ కార్బైడ్‌ను 2 మీటర్ల దూరంలో పెట్టి, పక్కనే అదే కోణంలో సగానికి రేకు చుట్టిన సీఆర్-39 ముక్క పెడతాను. రెండు లెక్కలూ ఇక్కడే పెడతాను. కార్బన్ విషయంలో మాత్రం మా సీనియర్‌కు క్షమాపణ చెప్పాలి.