ఈ వారం సమస్య: కూలి లేనట్టి పనియందె కూడు దొరకె

నిర్వాహకుడు: ఛందస్సు తేటగీతి. ఓపెన్ సోర్స్‌కి, అంటే కోడు అందరికీ తెరిచిపెట్టే సాఫ్ట్‌వేర్‌కి, ఎందుకు పనిచేస్తున్నారో మీ మీ కారణాలతో పూరించండి. లోకకల్యాణం అని మాత్రం రాయకండి బాబూ. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడే తాను రాస్తున్న లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ఇది సరదా పని, పెద్దదేమీ అవ్వదు అని చెప్పుకున్నాడు, కాబట్టి సరదా, స్వార్థం, కడుపుమంట ఏదైనా చెల్లుతుంది.

తెనాలి కోడరి:
చదువు ముగిసిన నుద్యోగ మెదురు రాక
గిట్టుహబ్బున తప్పులు పట్టి దిద్ద
నాదు పని చూచి పిలిచిరి నవ్వుతోడ
కూలి లేనట్టి పనియందె కూడు దొరకె

నిర్వాహకుడు: గిట్టుహబ్బుకి (అదే, కోడు పెట్టుకునే గిట్‌హబ్ సైటు) ప్రాసయతి భలే కుదిరింది, 'గిట్టు'కి 'పట్టి'. కానీ 'నవ్వుతోడ' యతి కోసం తెచ్చి అతికించిన మాట, ఇంటర్వ్యూకి నవ్వుతూ పిలిచేదెవరండీ? 'నాల్గునాళ్ళ' అంటే యతీ నిలుస్తుంది, కథా నడుస్తుంది.

గోదారి గట్టు:
అమ్మ మాటను తెరపైన నచ్చుపోసి
తెలుగు కీబోర్డు తప్పులు తీర్చినాను
మెచ్చుకోలొక్కటే నాకు మేలి బువ్వ
కూలి లేనట్టి పనియందె కూడు దొరకె

తెనాలి కోడరి: రెండో పాదం మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను గురూ. ఒత్తులు సరిగ్గా పడకపోతే ఎంత చిరాకో ఆ బాధ పడ్డవాడే దిద్దుతాడు, ఎవరో వచ్చి చేసిపెట్టరు.

పాతకాపు:
తప్పు చూపిన వానికి తాత పంపె
చిన్న మొత్తము రాసిన చెక్కు నొకటి
దాని మార్చక గోడకే తగులగట్టె
కూలి లేనట్టి పనియందె కూడు దొరకె

(తాత అంటే టెక్ (TeX) అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్ రాసిన డొనాల్డ్ క్నూత్. తప్పు పట్టినవాళ్ళకి 2.56 డాలర్ల చెక్కు పంపేవారు, చాలామంది బ్యాంకులో వెయ్యకుండా ఫ్రేము కట్టించుకున్నారు.)

నిర్వాహకుడు: ముచ్చటగా ఉంది గానీ అన్వయం కుదరలేదు పాతకాపు గారూ. చెక్కు పంపితే అది కూలే కదా, ఇక 'కూలి లేనట్టి' ఎలా? పోనీ అనుకుంటే ఆ చెక్కేమో గోడ మీద ఉంది, మరి కూడెక్కడిది?

పాతకాపు: పేరొచ్చింది కదండీ, అదే కూడు.

నిర్వాహకుడు: ఆ మాట పద్యంలో ఉండాలి, వివరణలో కాదు.

నిదురరానివాడు: అందరికీ కూడు దొరికినట్టే ఉంది. 2024లో ఎక్స్‌జెడ్‌లోకి, అంటే ఫైళ్ళని కుదించే ఆ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లోకి, దొంగతలుపు (బ్యాక్‌డోర్) ఎలా వచ్చింది? ఏళ్ళ తరబడి జీతం లేకుండా ఒక్కడే దాన్ని చూసుకుంటున్న మనిషి అలసిపోయి ఉంటే మెయిళ్ళలో తొందరపెట్టారు, చివరికి సాయం చేస్తానని వచ్చినవాడి చేతికి తాళాలు వెళ్ళాయి. ఆ దొంగతలుపుని పట్టుకున్న ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ కూడా, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తనంతట తాను తవ్వినవాడే. నా పూరణ:

తెల్లవారులు మేల్కొని తెగులు బాప
తిట్లె దక్కెను మెచ్చిన తీరు లేదు
నాకు గాదేమొ, యెవ్వరో నవ్వి యనిరి
"కూలి లేనట్టి పనియందె కూడు దొరకె"

గోదారి గట్టు: మరి ఎందుకు చేస్తున్నట్టు?

నిదురరానివాడు: నేను ఆపేస్తే ఎవరు చూస్తారు? వాడేవాళ్ళలో నేనూ ఉన్నాగా.

నిర్వాహకుడు: సమస్యని వేరేవాళ్ళ నోట పెట్టి తప్పించుకోవడం పాత ఉపాయమే, అయినా ఇక్కడ చక్కగా అతికింది. ఈ వారానికి ఇదే ఉత్తమ పూరణ. అన్నట్టు మీ ప్రాజెక్టు లింకు పెట్టండి, కొత్త వెర్షన్‌లో నాకు రెండు ఫిర్యాదులున్నాయి.