ఉగాది ఆటల రోజు: రిప్పా రగ్బీ, వేన్ స్మిత్ ముచ్చట

ఆటల కమిటీ:
అందరికీ నమస్కారం. మన ఆక్లాండ్ ఉగాది ఆటల రోజుకి గ్రౌండ్ ఖాయమైంది. లెమన్ అండ్ స్పూన్, టగ్ ఆఫ్ వార్ ఎప్పటిలాగే. ఈసారి పిల్లలకి రిప్పా రగ్బీ కూడా పెడదాం. నడుముకి బెల్టు, దానికి రెండు పట్టీలు. పట్టీ లాగితే చాలు, ఎవరినీ కింద పడేయడం ఉండదు. ఆటకి ముందు పది నిమిషాలు ఇక్కడి రగ్బీ కోచ్ వేన్ స్మిత్ గురించి చెబుదామనుకుంటున్నా. అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పండి, ముందు రోజు రాత్రి కాదు.

వంటల కమిటీ:
రగ్బీ ఆయనెవరో మన పెద్దవాళ్లకి ఏం తెలుస్తుందన్నా? ఆడి కోచ్ అయినవాళ్లే కావాలంటే క్రికెట్‌లో వెట్టోరీ లేడా? ఇక్కడివాడే, 2024లో మన సన్‌రైజర్స్‌ని ఫైనల్ దాకా తెచ్చాడు.

ఆటల కమిటీ:
వెట్టోరీ గురించి మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు వదినా. ఇక్కడ పుట్టిన పిల్లలు బళ్లో ఆడేది రగ్బీ, ఆ ఊసెత్తితే మనం నోరు తెరుచుకుని చూస్తాం.

స్మిత్ 1980 నుంచి 1985 దాకా ఆల్ బ్లాక్స్‌కి, అంటే న్యూజిలాండ్ మగవాళ్ల రగ్బీ జట్టుకి, 17 టెస్టులు ఆడాడు. పదో నంబర్, అంటే బంతి ఎటు పోవాలో తేల్చేవాడు. కోచ్‌గా క్రైస్ట్‌చర్చ్ జట్టు క్రూసేడర్స్‌కి 1998, 1999లో వరుసగా టైటిల్స్ తెచ్చాడు, 2000లో ఆల్ బ్లాక్స్ కోచ్ అయ్యాడు. మరుసటి ఏడాది కొనసాగింపు మాట వచ్చినప్పుడు, ఈ పనికి తానే తగినవాడినా అన్న సందేహాన్ని బోర్డు దగ్గర దాచలేదు. పదవి జాన్ మిచెల్‌కి పోయింది. ఇంటర్వ్యూలో ‘అన్నీ వచ్చు’ అనమని పిల్లల్ని తోమే మనకి ఇది మింగుడు పడదు, అయినా నేను చెప్పాలనుకున్నది ఇదే. ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్ క్లబ్‌కి వెళ్లి, 2004లో ఆల్ బ్లాక్స్ హెడ్ కోచ్ గ్రాహం హెన్రీ కింద అసిస్టెంట్‌గా తిరిగొచ్చాడు, నామోషీ అనుకోకుండా. 2007 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ చేతిలో క్వార్టర్స్‌లోనే ఇంటిదారి. 2011 కప్ ఫైనల్లో మన ఈడెన్ పార్క్‌లో అదే ఫ్రాన్స్ మీద 8-7తో గెలుపు.

యువత విభాగం:
అంకుల్, మన అమ్మాయిల జట్టు బ్లాక్ ఫెర్న్స్ సంగతి వదిలేశారేంటి? అమ్మాయిలు వినేది అదే.

ఆటల కమిటీ:
అక్కడికే వస్తున్నానమ్మా. 2021 చివర్లో ఇంగ్లండ్, ఫ్రాన్స్ వెళ్లి నాలుగు మ్యాచ్‌లూ ఓడొచ్చిన జట్టది. మరుసటి ఏడాది 65 ఏళ్ల వయసులో దాని బాధ్యత తీసుకున్నాడు. నవంబర్ 12న ఈడెన్ పార్క్‌లో ఆడవాళ్ల ప్రపంచ కప్ ఫైనల్. ఇంగ్లండ్ వరుసగా 30 మ్యాచ్‌లు గెలిచి దిగింది. 18వ నిమిషంలో రెడ్ కార్డు పడి 14 మందే మిగిలినా, హాఫ్ టైమ్‌కి 26-19తో వాళ్లే ముందు. గుంపుగా అతుక్కుని తోసుకుపోయే మోల్‌తో వాళ్ల ఎమీ కొకేన్ ఒక్కతే మూడు ట్రైలు (బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించడం) చేసింది. చివరికి స్కోరు మనకి 34-31. టైమ్ అయిపోయింది, కానీ మన గీతకి ఐదు మీటర్లలో లైనౌట్ వాళ్లదే, అంటే బయటికి పోయిన బంతిని రెండు జట్ల వరుసల మధ్యకి విసిరేది వాళ్లే. బంతి చిక్కి మోల్ కట్టారా, మన పని అయిపోయినట్టే. జోవానా నాన్-వూ గాల్లోకి లేచి చెయ్యి అడ్డం పెట్టింది. బంతి వాళ్లకి దక్కలేదు, కప్పు మనకొచ్చింది.

యువత విభాగం:
ఆ లైనౌట్ మేం చేసి చూపిస్తాం! ఎండలో ప్రొజెక్టర్ ఎలాగూ కనపడదు.

ఆటల కమిటీ:
చేయండి, కానీ ఎత్తడాలు వద్దు. నిలబడే ఎగరండి. ఎవరి నడుమైనా పట్టేస్తే ఆ టెన్షన్ నా వల్ల కాదు. జట్లలో అబ్బాయిలు, అమ్మాయిలు కలిసే ఉండాలి.

వంటల కమిటీ:
సరే, ఒప్పుకున్నాం. పచ్చడి పొద్దున్నే ఇస్తాం. పులిహోర మాత్రం ఆట అయ్యాకే, తిని పరిగెడితే పిల్లలకి కడుపునొప్పి. బెల్టులు ఎవరు తెస్తున్నారు?

యువత విభాగం:
మా స్కూల్లో అడుగుతాను ఆంటీ. శుక్రవారానికి చెప్తా.