నది–పడవ లెక్కల్లో పొట్టి దారికి ఎక్కువ సమయం ఎందుకు?

ఇంటర్ మొదటి ఏడు: నిశ్చల నీటిలో సెకనుకు 5 మీటర్ల వేగంతో పోగల పడవ, సెకనుకు 3 మీటర్ల వేగంతో పారుతున్న 600 మీటర్ల వెడల్పు గల నదిని దాటాలి. సరిగ్గా ఎదుటి చోటికి చేరాలంటే 150 సెకన్లు, కనిష్ఠ కాలంలో దాటాలంటే 120 సెకన్లు వస్తున్నాయి. పొట్టి దారికే ఎక్కువ సమయం పట్టడం ఎలా సాధ్యమో వివరించగలరు.

మాస్టారు: నది దాటే కాలాన్ని నిర్ణయించేది ఒడ్డుకు లంబంగా ఉన్న వేగాంశం ఒక్కటే, ప్రవాహం ఒడ్డుకు సమాంతరం కనుక దానికి అందులో పాత్ర లేదు. పడవ ముక్కును నేరుగా ఆవలి ఒడ్డువైపు ఉంచితే 5 మీటర్లూ దాటడానికే ఉపయోగపడతాయి, అయితే పడవ 360 మీటర్లు దిగువకు కొట్టుకుపోతుంది. ఎదుటి చోటికే చేరాలంటే ఆ వేగంలో 3 మీటర్ల అంశం ప్రవాహాన్ని రద్దు చేయడానికి పోగా, దాటడానికి మిగిలేది 4 మీటర్లే. సూత్రం వెతికే ముందు ప్రతి వేగం పక్కన అది దేని దృష్ట్యా చెప్పినదో రాసుకోమని మా విద్యార్థులకు చెబుతుంటాను.

గోదావరి గట్టు: కొన్ని లెక్కల్లో ఒడ్డును పూర్తిగా మరచిపోవడమే మేలని నా అనుభవం. ఎగువకు పోతున్న పడవ నుంచి టోపీ నీటిలో పడిందనీ, అరగంట తర్వాత గమనించి వెంటనే వెనుదిరిగిన పడవ, టోపీ పడిన చోటికి 3 కిలోమీటర్ల దిగువన దాన్ని అందుకుందనీ అనుకుందాం. నీటి దృష్ట్యా టోపీ కదలనే లేదు కాబట్టి, పోవడానికి అరగంట పట్టిన పడవకు రావడానికీ అరగంటే పడుతుంది. గంటలో టోపీ 3 కిలోమీటర్లు కొట్టుకువచ్చిందంటే ప్రవాహ వేగం గంటకు 3 కిలోమీటర్లే! పడవ వేగం ఇవ్వలేదని బెంగపడనక్కరలేదు.

ఇంటర్ మొదటి ఏడు: ధన్యవాదాలు. మొదటి లెక్కలోనే ప్రవాహం సెకనుకు 6 మీటర్లయితే, ఎదుటి చోటికి చేరడానికి పడవ ముక్కును లంబదిశ నుంచి ఎగువవైపు తిప్పవలసిన కోణం సైన్ విలువ 6/5 వస్తోంది.

మాస్టారు: అది ఒకటిని మించకూడదు కనుక ఎదుటి చోటికి తిన్నగా చేరడం అసాధ్యమని అర్థం. అప్పుడు అడగదగినది కనిష్ఠంగా ఎంత దిగువకు పోతామన్నది. అందుకు పడవ ముక్కు లంబదిశ నుంచి ఎగువవైపు తిరగవలసిన కోణం సైన్ విలువ 5/6.